నాలుగో రోజు కాగితం

చిరంజీవి చిన్న మేస్త్రికి,

మీ నాన్న ఆశీస్సులు. ఇక్కడ మీ అమ్మ, కోడలు, నేను వేళకి తిని తిరుగుతున్నాం. నువ్వూ అక్కడ ఒంట్లో నలత లేకుండా ఉండి ఈ ఉత్తరం చదువుతున్నావని అనుకుంటాను. 'అందరం క్షేమం' అని మొదటి వాక్యంలోనే రాసి పడేయడం మన ఇంట్లో అలవాటు. ఈసారి ఆ మాట రాయబోతే కలం కదల్లేదు. అందుకని ఉన్నది మాత్రమే రాశాను.

ఫోన్ ఉండగా ఈ ఉత్తరమేమిటని నవ్వుకోకు. మన ఇంట్లో ఫోన్ మోగితే ముగ్గురం వింటాం. మెల్లగా మాట్లాడితే నీకు వినపడదు, గట్టిగా మాట్లాడితే పక్కింటివాళ్ళకి కూడా వినపడుతుంది. నువ్వు మాత్రం కోడలికి రోజూ ఫోన్ చేస్తూ, నా ఒక్కడికీ కవరు అంటించి ఉత్తరం పంపలేదా? అదీ అందుకే కదా.

ముందు నువ్వు అడిగినవాటికి జవాబులు. కోడలికి ఐదో నెల నడుస్తోంది. వాంతులు తగ్గాయి. డాక్టరమ్మ బరువు చూసి బాగుందంది. ఆమెకి మేడ మీద గాలికి కూర్చోవడం ఇష్టం, మీ అమ్మకి ఆమె మెట్లెక్కితే భయం. రోజంతా ఒకరు ఎక్కడం, ఒకరు దిగమనడం. వంటింటి కుళాయికి వాషరు మార్చాను. పదిమంది ఇళ్ళలో కుళాయిలు బాగుచేసేవాడి కొంప కారుతోందని నువ్వు వెక్కిరించడానికి ఇంక లేదు. నీ గదికి రంగు వేయలేదు. గోడ లోపల ఇంకా తడి ఉంది. పైకి ఆరినట్టే కనిపిస్తుంది కానీ అరచెయ్యి పెడితే చల్లగా తగులుతుంది.

మీ అమ్మ కుట్టుమిషన్ గురించి కోపంగా రాశావు. "కిటికీ దగ్గరికి జరపొచ్చు కదా నాన్నా, పట్టపగలు బల్బు వేసుకుని ఆ చీకటి మూల కుడుతుంది, కళ్ళు పోతాయి" అన్నావు. నిజమే, పోతున్నాయి. సూదిలో దారం కోడలే ఎక్కించి ఇస్తోంది. ఆ మిషన్ జరపకపోవడానికి ఒక కారణం ఉంది. అది ఈ ఉత్తరంలోనే వస్తుంది, కాస్త ఓపిక పట్టు.

ఇక నీ స్నేహితుడి సంగతి.

మీ పైపులైను పని క్యాంపులో ఒకడు సెలవు రోజున టౌనుకి వెళ్ళి, తాగి, ముక్కూ మొహం తెలియని ఒకావిడతో గడిపాడన్నావు. భయం పట్టుకుని ఐదో రోజున రక్తపరీక్ష చేయించుకుంటే అన్నీ బాగున్నాయని కాగితం ఇచ్చారన్నావు. వచ్చే నెల సెలవు మీద భార్య దగ్గరికి వెళ్తున్నాడు, "ఇంక భయం లేనట్టే కదా నాన్నా, నువ్వు ఆస్పత్రుల్లో పనిచేసినవాడివి, ఎవరినైనా అడిగి రాయి" అన్నావు. ఆ స్నేహితుడి భార్యకి కూడా ఐదో నెలేనా అని నేను అడగను. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టుంది నీ ఉత్తరం. నాలుగు పేజీలు గుండ్రంగా రాసినవాడివి ఆ ఒక్క పేజీలో ఆరుచోట్ల కొట్టేశావు.

నేను కోప్పడలేదు. కోప్పడే అర్హత నాకు లేదు. ఉత్తరం మడిచి గోడకి ఆనుకుని కూర్చున్నాను. మీ అమ్మ వచ్చి "ఏం రాశాడండీ?" అంటే "క్షేమమట" అన్నాను. ఐదో రోజు అన్న ముక్క రెండోసారి తీసి చదివాను. నేను చేసిన తప్పే నీ చేతిరాతలో చదువుతున్నట్టనిపించింది.

మర్నాడు పొద్దున్నే పెద్దాస్పత్రికి వెళ్ళాను. అక్కడ రక్తపరీక్షల గది వరండా చివర ఉంటుంది. ఆ వరండా నాకు కొత్త కాదు. ఇప్పుడు గోడలకి పలకలు అంటించారు కానీ పలకల వెనక పైపు ఎక్కడ వంపు తిరిగిందో నేను కళ్ళు మూసుకుని చూపించగలను. బల్ల ముందు నా వయసువాడు ఇంకెవడూ లేడు. ముగ్గురు కుర్రవాళ్ళు ఎవరి చెప్పులు వాళ్ళు చూసుకుంటూ కూర్చున్నారు. రక్తం తీసే అమ్మాయికి ముప్పై, ముప్పై ఒకటి ఉంటాయి. నేను అందరి వయసూ లెక్కేస్తాను, ఎందుకో తర్వాత చెప్తాను.

"ఎవరికండీ పరీక్ష?" అంది.

"మా అబ్బాయి స్నేహితుడికమ్మా."

"ఇక్కడికి అందరూ స్నేహితుల కోసమే వస్తారండీ. మాకు రోగులే లేరు. కూర్చోండి" అని కుర్చీ జరిపింది.

ఐదో రోజు కాగితం సంగతి చెప్పాను. తల అడ్డంగా ఊపింది. "ఆ కాగితం అబద్ధం కాదండీ. కానీ అది ఆ రాత్రి గురించి చెప్పదు, అంతకుముందు రోజుల గురించి చెప్తుంది. జబ్బు ఒంట్లో చేరాక దాని జాడ రక్తంలో తేలడానికి వారాలు పడుతుంది. మూడు రోజుల్లోపు వచ్చుంటే హెచ్‌ఐవీ రాకుండా మందు మొదలుపెట్టేవాళ్ళం. అది దాటిపోయింది కదా" అంది.

"మరి ఎప్పుడు చేయించుకోవాలి?"

"రెండు వారాలు దాటాక మూత్రపరీక్ష. గనేరియా, అదే సెగరోగం, లాంటివి అందులో తెలుస్తాయి. సిఫిలిస్‌కీ, హెచ్‌ఐవీకీ రక్తం. ఆరు వారాలకి ఒకసారి, మూడు నెలలకి మళ్ళీ ఇంకోసారి. ఆ రెండోది కూడా బాగుంటేనే నిశ్చింత."

"ఏ ఇబ్బందీ లేదట వాడికి."

"చాలామందికి ఏ ఇబ్బందీ ఉండదండీ, అదే వచ్చిన చిక్కు. ఉంటే మాత్రం వారాలు లెక్కపెడుతూ కూర్చోవద్దు. పుండు గానీ, ఒంటి మీద దద్దుర్లు గానీ, మూత్రంలో మంట గానీ వస్తే ఆ రోజే వెళ్ళాలి. నొప్పి లేని పుండైతే మరీనూ. మందుల షాపులో అడిగి మాత్రలు మింగొద్దని చెప్పండి." చీటీ మీద రాస్తూ అడిగింది. "పెళ్ళయిందా ఆ స్నేహితుడికి?"

"అయిందమ్మా. ఆ పిల్లకి ఐదో నెల."

అమ్మాయి కలం కింద పెట్టింది. "ఈ సంగతి జరిగాక ఆమెని కలిశాడా?"

"లేదు. వచ్చే నెల వస్తాడు."

"అయితే ఇంకా ఏమీ చేజారలేదు. మూడు నెలల కాగితం చేతికొచ్చేదాకా దూరంగా ఉండమనండి. ఉండలేకపోతే తొడుగు లేకుండా మాత్రం వద్దు. తొడుగుతో కూడా పూర్తిగా భయం పోదు. ఆమెకి మొదట్లో చేసిన పరీక్ష ఉంది కదా అని వదిలేయకండి, ఏడో నెలలో మళ్ళీ చేయించండి."

ఆ గదిలో వాష్‌బేసిన్ కుళాయి బొట్టుబొట్టుగా కారుతోంది. జేబులో రెంచి ఉంది. చెయ్యి లేవలేదు. ఆ అమ్మాయికి దండం పెట్టి వచ్చేశాను.

నీకు ఇదంతా అర్థం కాదని నేననుకోను. నువ్వు పైపులైను అతికేవాడివి. అతుకు వేసిన పది నిమిషాలకి గేజీ చూసి ముల్లు కదలలేదు కాబట్టి బాగుందని సంతకం పెడతావా? ఒక రోజంతా ఒత్తిడి నిలిపి చూస్తావు. ముల్లు వెంట్రుకవాసి దిగినా లైనంతా మళ్ళీ నడుస్తావు. ఊళ్ళవాళ్ళ నీళ్ళకి అంత జాగ్రత్త పడేవాడివి, నీ ఇంటికి ఐదో రోజు కాగితం చాలంటావా? అడుసు తొక్కావు. తొక్కకుండా ఉండాల్సింది. ఇప్పుడు కాలైనా సరిగ్గా కడుక్కో.

ఈ ఉత్తరం అందేసరికి నీకు మూడు వారాలు నిండుతాయి. అందిన మర్నాడే మూత్రపరీక్షకి వెళ్ళు. గంటసేపు ముందునుంచి మూత్రానికి వెళ్ళకూడదట, మొదట వచ్చేదే డబ్బాలో పట్టాలట. క్యాంపు డాక్టరు దగ్గర మొహం చెల్లకపోతే టౌను ఆస్పత్రికి వెళ్ళు. ఆరు వారాల పరీక్ష నీ సెలవు మొదట్లో పడుతుంది, దానికి నేనే ఆ అమ్మాయి దగ్గరికి తీసుకెళ్తాను. మూడు నెలలది నువ్వు తిరిగి పనిలోకి వెళ్ళాక పడుతుంది. మనుషులు ఎగ్గొట్టేది ఇలా తర్వాత చేయించుకోవాల్సినవాటినే. ఎలా తెలుసంటావా, ఇప్పుడు ఆ మాటే చెప్పబోతున్నాను. రెండు రోజులుగా ఇక్కడిదాకా రాసి కలం పక్కన పెడుతున్నాను.

నీకు ముందు మీ అమ్మకి ఒక బిడ్డ కలిగింది. ఆడపిల్ల. నీకు ఎవరూ చెప్పలేదు. మన ఇంట్లో ఆ మాట ఎవరూ ఎత్తరు.

మీ అమ్మకి రెండో నెల రాగానే నేను ఒక కొత్త హాస్టలుకి పైపులు వేసే పని మీద వేరే ఊరు వెళ్ళాను. రెండు నెలలున్నాను. పని చివర్లో నువ్వు రాసిన 'స్నేహితుడి' పనే నేనూ చేశాను. ఆవిడ తప్పేమీ లేదు, తప్పు నాది. భయమేసి నాలుగో రోజున పరీక్షకి వెళ్ళాను. అక్కడి లాబ్ ముసలాయన "ఇప్పుడు చేస్తే ఏం తెలుస్తుందయ్యా, ఆరు వారాలకి రా, మళ్ళీ మూడు నెలలకి రా" అన్నాడు. వీళ్ళకి మనుషుల్ని తిప్పించుకోవడం సరదా అనుకున్నాను. పోట్లాడి అప్పుడే చేయించుకున్నాను. ఏమీ లేదని కాగితం ఇచ్చాడు. దాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టి పనిముట్ల పెట్టె అడుగున దాచుకుని, తల ఎత్తుకుని ఇంటికి వచ్చాను.

వచ్చిన మూడు వారాలకి నాకు ఒక చిన్న పుండు లేచింది. నొప్పి లేదు, దురద లేదు. కాగితం ఉంది కదా అని పట్టించుకోలేదు. నెల తిరక్కుండా దానంతటదే మానిపోయింది. ఒరే, నా దగ్గర పని నేర్చుకున్నవాళ్ళందరికీ నేను మొదటి రోజే చెప్పే మాట ఏమిటి? తనంతట తాను ఆగిన లీకు ఆగినట్టు కాదు, గోడలోకి వెళ్ళినట్టు. పాతికమందికి చెప్పినవాణ్ణి, నాకు నేను చెప్పుకోలేదు.

ఏడో నెలలో డాక్టరు మీ అమ్మకి రక్తపరీక్ష మళ్ళీ రాసిచ్చాడు. చీటీ తెచ్చి నా చేతికిచ్చింది. "మొదట్లో చేసింది బాగానే ఉందిగా, మళ్ళీ మళ్ళీ సూదులెందుకు నీకు" అన్నాను. ప్రేమగానే అన్నాను. చీటీ చొక్కా జేబులో పెట్టుకున్నాను. ఆ చొక్కా ఉతుకులోకి వెళ్ళింది.

ఎనిమిదో నెలలో ఒక రోజు మీ అమ్మ పసిగుడ్డలు కుట్టడానికి వెలుతురు చాలడం లేదని మిషన్ను ఒక్కతే కిటికీ దగ్గరికి తోసింది. మర్నాటి నుంచి లోపల కదలిక లేదు. ఈ పెద్దాస్పత్రికే తీసుకెళ్ళాను. డాక్టరు పొట్ట మీద గొట్టం ఆనించి చెవి పెట్టాడు. చాలాసేపు విన్నాడు. చోటు మార్చి విన్నాడు. మళ్ళీ మార్చాడు. నేనూ అలాగే కదా గోడలకి చెవి ఆనించి నీళ్ళ చప్పుడు వెతికేది. ఏమీ వినపడనప్పుడు మనిషి మొహం ఎలా ఉంటుందో నాకు తెలుసు. అందుకని ఆయన నోరు విప్పకముందే నాకు అర్థమైంది.

బిడ్డని పచ్చగుడ్డలో చుట్టి నర్సు నా చేతుల్లో పెట్టింది. నా పెద్ద రెంచి కంటే తేలిక. మీ అమ్మకి మత్తు దిగలేదు. చూపించాలా అని నర్సు అడిగితే వద్దన్నాను. తర్వాత మీ అమ్మ "మొహం చూశారా?" అని అడిగితే చూడలేదన్నాను. చూశాను. ఒక్కసారి కాదు, ఆ వరండా ఈ చివరి నుంచి ఆ చివరికి నడుస్తూ చూస్తూనే ఉన్నాను.

మా ఇద్దరి రక్తం తీసి చూసి డాక్టరు నన్ను ఒక్కణ్ణే పిలిచాడు. సిఫిలిస్ అన్నాడు. సకాలంలో తెలిసుంటే సూదులతో పోయేది, బిడ్డ బతికేది అన్నాడు. "మీ ఆవిడకి మీరు చెప్తారా, నన్ను చెప్పమంటారా?" అన్నాడు. నేనే చెప్తానన్నాను. మీ అమ్మకి మాత్రం కాన్పు తర్వాత వేసే సూదులని చెప్పి వారానికొకటి చొప్పున వేయించాను. జబ్బు ఇద్దరికీ పూర్తిగా పోయింది. నువ్వు కడుపులో పడ్డాక మీ అమ్మకి మూడుసార్లు పరీక్ష చేయించాను. నీకు ఏమీ లేదు, ఆ భయం పెట్టుకోకు.

ఇంటికి వచ్చిన రోజు పక్కింటావిడ పరామర్శకి వచ్చి "అంత బరువు ఒక్కదానివీ తొయ్యొచ్చా అమ్మా" అంది. మీ అమ్మ నా వైపు చూసింది. నేను నేల చూశాను. ఆ ఒక్క చూపు చాలింది ఆమెకి. మిషన్ను మళ్ళీ ఆ మూలకే తోయించింది. అప్పటినుంచి అది అక్కడే ఉంది. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందని నాకు నేను సర్ది చెప్పుకున్నాను. నిజానికి పడేది నా కాళ్ళ మీద, పడనిచ్చింది ఆమె మీద.

ఉంటే ఆ పిల్లకి ఇప్పుడు ముప్పై ఒకటి. ఎవరి ఇంటికి పనికి వెళ్ళినా తలుపు తీసిన ఆడపిల్ల వయసు లెక్కేస్తాను. పదేళ్ళ క్రితం ఇరవై ఒకటి దగ్గర వెతికాను, ఇప్పుడు ముప్పై ఒకటి దగ్గర వెతుకుతున్నాను. లీకు కోసం గోడకి చెవి ఆనించినప్పుడల్లా ముందు నీళ్ళు వినపడవు, ఆ డాక్టరు గొట్టం జరుపుతున్న నిశ్శబ్దమే వినపడుతుంది. దాన్ని దాటుకుని నీళ్ళు వినాలి. వయసైపోయి చెముడు వస్తోందని మీ అమ్మ అనుకుంటోంది.

ఇదంతా నీకు రాసి ఆమెకి చెప్పకపోతే నీ ముందు కూడా దొంగనే అవుతాను. నిన్న మధ్యాహ్నం కోడలు మేడ మీద ఉండగా మిషన్ పక్కన స్టూలు వేసుకుని కూర్చుని మొత్తం చెప్పాను. చొక్కాకి కాలరు వేస్తోంది. కాలు ఆగింది కానీ గుడ్డ మీదనుంచి చెయ్యి తీయలేదు.

"మిషన్ వల్ల కాదా?" అంది.

"కాదు."

"నేను తోయకపోయినా పోయేదేనా?"

"పోయేదే. నా వల్ల పోయింది."

గుడ్డని సూది కిందనుంచి లాగి "ముప్పై ఒక్కేళ్ళు నన్ను అలా అనుకోనిచ్చారా?" అంది. అవునన్నాను. క్షమించమని అడగలేదు, అది అడిగితే ఆమె నెత్తిన ఇంకో బరువు పెట్టడమే. తర్వాత ఆమె అడిగింది ఒక్కటే. "మొహం ఎలా ఉంది?" చెప్పాను. జుట్టు ఒత్తుగా ఉందని, గడ్డం ఆమెదేనని, కనుబొమ్మలు ఇంకా సరిగ్గా రాలేదని చెప్పాను. రెండోసారి చెప్పమంది. మళ్ళీ చెప్పాను. ఆ తర్వాత లేచి వెళ్ళి మొహం కడుక్కుని వచ్చింది. ఈ పూట అన్నం కోడలు పెట్టింది.

ఇందాక వచ్చి ఉత్తరం ఇమ్మంది. నీ రహస్యం కూడా అందులో ఉందని తెలిసే ఇచ్చాను. నన్ను నమ్మి రాసిన మాట బయటపెట్టినందుకు నన్ను తిట్టుకో. కళ్ళద్దాలు పెట్టుకుని ఒక్కో కాగితం వెలుగుకి పట్టుకుని చదివింది. కిందనున్న ఖాళీ తనకి కావాలంది. నేను రాయాల్సింది అయిపోయింది. నీకింకా సమయం ఉంది నాన్నా. నాకున్నప్పుడు నేను దాన్ని జేబులో పెట్టుకుని తిరిగాను.

ఇట్లు,
మీ నాన్న

బాబూ,

అంతా చదివాను. మీ నాన్న సంగతి నేను చూసుకుంటాను, మా మధ్యలోకి నువ్వు రావద్దు. ఆయన మీద జాలిపడి నాకు ఫోన్ చేయకు. పరీక్షలు ఆయన చెప్పినట్టే చేయించుకో. ఏడో నెల పరీక్షకి కోడల్ని నేను తీసుకెళ్తాను, ఇంకెవరి చేతికీ చీటీ ఇవ్వను.

కోడలికి ఆయన చెప్పరు, నేనూ చెప్పను. నువ్వే చెప్పాలి. వచ్చిన రోజే, ఎదురుగా కూర్చుని చెప్పు. అరుస్తుందో, పుట్టింటికి పోతానంటుందో, నీ పక్కనే ఉంటుందో ఆమె ఇష్టం. పోతానంటే పెట్టె నేను సర్ది దిగబెట్టి వస్తాను. నీ కోసం బతిమాలను. చెప్పకుండా మీ గదిలోకి వెళ్తే మాత్రం గుమ్మంలో నేనుంటాను.

నువ్వంటే నాకు ప్రేమ తగ్గలేదు. కానీ ఇన్నాళ్ళూ నాకు ఒక్కడే అని అందరికీ చెప్పుకున్నాను. ఇకనుంచి అలా చెప్పను.

ఇట్లు,
మీ అక్కకీ నీకూ అమ్మ